చెన్నై చెత్తగుట్టకి భూకంప లెక్క కట్టే ముందు నీళ్ళ సంగతి చూడండి

“చెన్నైకి భూకంపమేంటి మేడమ్, అదంతా గుజరాత్, హిమాలయాల గొడవ కదా?” మా ఆఫీసులో చేరిన ప్రతి కొత్త ఇంజనీరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అంటాడు. వచ్చేవాళ్ళలో చాలామంది గుంటూరు, ఒంగోలు, నెల్లూరు పిల్లలే. ఒంగోలు కుర్రాడు అన్నప్పుడు మాత్రం ఊరుకోను. 1967 మార్చి 27న మీ ఊరు ఎలా ఊగిందో ఇంటికి ఫోన్ చేసి తాతయ్యని అడుగు అంటాను. 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు, అవన్నీ మన కాళ్ళ కిందివే. చెన్నైని బాగా భయపెట్టింది 2001 సెప్టెంబరు 25 నాటిది. పుదుచ్చేరి తీరానికి అవతల సముద్రం అడుగున పుట్టింది, తీవ్రత 5.5. ఆ మరుసటి ఏడు భూకంప డిజైనుకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 1893 కోడును సవరించినప్పుడు చెన్నైని రెండో జోన్ నుంచి, ప్రమాదం ఇంకాస్త ఎక్కువుండే మూడో జోన్‌కి మార్చారు. బెంగళూరు, హైదరాబాదు రెండులోనే ఉండిపోయాయి.

కాబట్టి ఇక్కడ పాత గుట్టను మూయాలన్నా, కొత్త ల్యాండ్‌ఫిల్ (చెత్తను పొరలుగా పూడ్చే చోటు) కట్టాలన్నా భూకంప లెక్క తప్పదు. కాకపోతే కొత్తవాళ్ళు ఆ లెక్కతోనే మొదలుపెడతారు. జోన్ నంబరు చూసి, సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె వేసి, రంగురంగుల బొమ్మ ప్రింటు తీసి తెచ్చేస్తారు. నా అనుభవంలో మూడో జోన్ కుదుపుకి ఒళ్ళు బాగున్న గుట్ట పడదు. అప్పటికే నీళ్ళు తాగి, జారే పొర మీద కూర్చుని, ఏదో ఒక నెపం కోసం చూస్తున్న గుట్ట పడుతుంది. అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు కింది నేల, తర్వాత లైనర్ పొరలు (చెత్త కింద నీళ్ళు ఇంకకుండా పరిచేవి), తర్వాత లీచేట్ (చెత్త లోంచి ఊరే మురికినీరు), అన్నిటికన్నా చివర కుదుపు.

కింద ఏముంది

పెరుంగుడి డంప్‌యార్డు పళ్ళికరణై చిత్తడి నేలను ఆనుకుని పెరిగింది. ఆ చిత్తడికి 2022లో రామ్సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలకి ఇచ్చేది) వచ్చింది. అంతకు చాలా ముందునుంచీ అది మెత్తటి నల్ల బంకమట్టి. అక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో గిండీ, పల్లావరం వైపు వెళితే చార్నకైట్ బండ బయటికే కనిపిస్తుంది. అడయారు, కూవం ఒడ్డుల్లో వదులు ఇసుక. ఇన్ని రకాల నేల ఉన్న ఊళ్ళో “చెన్నై మట్టి” అని రిపోర్టులో ఎవరైనా రాస్తే ఆ రిపోర్టు పక్కన పెట్టేయండి.

బోర్‌హోల్స్ చెత్త లోంచి కాకుండా గుట్ట పాదం చుట్టూ మొదలుపెట్టండి. చెత్త లోంచి వేసేవి కేసింగ్ (బోరు గోడకి దించే గొట్టం) లేకుండా వెయ్యొద్దు, పైన ఉన్న లీచేట్ కింది నీళ్ళలోకి మీ బోరు దారినే దిగిపోతుంది. మీథేన్ మీటరు రిగ్గు మీద ఉండాలి, చుట్టుపక్కల ఎవరూ బీడీ వెలిగించకూడదు.

డ్రిల్లర్లలో మన శ్రీకాకుళం వాళ్ళు ఉంటారు. వాళ్ళు “అమ్మా, సుత్తి కొట్టకుండానే రాడ్డు దిగిపోతోంది” అన్నారంటే ఎస్పీటీ (సుత్తి దెబ్బలు లెక్కపెట్టి మట్టి గట్టితనం చూసే పరీక్ష) అక్కడితో ఆపించండి. అలాంటి మట్టిలో ఎన్ విలువ, అంటే దెబ్బల లెక్క, సున్నా అని వస్తుంది, సున్నాతో ఏ డిజైనూ చెయ్యలేం. వేన్ షియర్ (మట్టిలో రెక్కలు తిప్పి చూసే పరికరం) పెట్టి బలం కొలవండి, పల్చటి గోడ గొట్టాలతో చెదరని నమూనాలు తీయించండి, డబ్బు ఉంటే పీజోకోన్ (మట్టి అడ్డునీ నీటి ఒత్తిడినీ కొలిచే మొన) దించండి. క్లయింట్లు ఈ ఖర్చు దగ్గరే గింజుకుంటారు. ఆ మీటింగులో వాళ్ళ ముందు పెట్టడానికి ఒక చిన్న లెక్క ఉంది.

మెత్తటి బంకమట్టి డ్రెయిన్ కాని షియర్ బలం (నీళ్ళు బయటికి పోయే వ్యవధి లేనప్పుడు జారుడుకి ఎదురు నిలిచే బలం) 20 కిలోపాస్కల్ అనుకోండి. అది మోయగలిగే బరువు దాదాపు దానికి 5.14 రెట్లు, అంటే సుమారు 103 కిలోపాస్కల్. చెత్త బరువు ఘనమీటరుకు 11 కిలోన్యూటన్లు వేసుకుంటే తొమ్మిది మీటర్ల పైచిలుకు ఎత్తుకే నేల చేతులెత్తేస్తుంది. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చేది, 1 కంటే తగ్గితే పడిపోతుంది) 1.5 కావాలంటే ఎత్తు 6 మీటర్లు. ఇందులో భూకంపం ఊసే లేదు! కుదుపులో మెత్తటి మట్టి బలాన్ని ఇంకో 20 శాతం తగ్గించి చూడటం వాడుక.

దీనికి మందు ఓపిక. నిలువు డ్రెయిన్లు దించి, చెత్తను విడతలుగా పోసి, ఒక్కో విడత కింద మట్టి నీళ్ళు వదిలి గట్టిపడే దాకా ఆగాలి. అదనంగా పడిన బరువులో సుమారు 0.22 వంతు బలంగా మారుతుంది. ఐదు మీటర్ల చెత్త, అంటే 55 కిలోపాస్కల్, పూర్తిగా కుదురుకుంటే 12 కిలోపాస్కల్ బలం చేతికొస్తుంది. కొలంబో దగ్గర మీతోటముల్ల గుట్ట కూడా చిత్తడి నేల మీద పెరిగిందే. 2017 ఏప్రిల్ 14న, సింహళ, తమిళ ఉగాది రోజున, అది పక్కనున్న ఇళ్ళ మీదికి వచ్చింది. 30 మందికి పైగా పోయారు. భూమి కంపించలేదు.

కింద బంకమట్టి కాకుండా వదులు ఇసుక, నీటిమట్టం పైనే ఉంటే లిక్విఫాక్షన్, అంటే కుదుపుకి తడి ఇసుక ద్రవంలా మారడం, చూడాలి. 2016 నాటి ఐఎస్ 1893 మొదటి భాగం అనుబంధంలోనే పద్ధతి ఉంది, ఎస్పీటీ విలువలతో చేసేది. 2001 భుజ్ భూకంపంలో చాంగ్ లాంటి మట్టి డ్యాముల కట్టలు చీలి కుంగినప్పుడు కింద జరిగింది ఇదే. పొర పల్చగా ఉంటే తవ్వి తీసేయడమే చవక.

లైనర్ పొరలు

2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పింది ఇది: అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ జియోమెంబ్రేన్, అంటే ప్లాస్టిక్ షీటు. మట్టి లోంచి నీళ్ళు సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతుకు మించి దిగకూడదు. భూగర్భజలం ఆ మట్టికి కనీసం రెండు మీటర్ల కింద ఉండాలి. ఈ రెండు మీటర్ల షరతు పళ్ళికరణై వైపు ఎలా కుదురుతుందో నన్నడక్కండి. అక్కడ కొత్త సెల్ కట్టకపోవడమే సరైన ఇంజనీరింగ్ అని నా అభిప్రాయం.

ఈ పొరలన్నీ లీచేట్‌ను ఆపడానికి పెట్టినవి. జారుడుకి మాత్రం అవే బల్ల పరిచి పెడతాయి. నునుపు జియోమెంబ్రేన్ తడి బంకమట్టి మీద ఎలా కూర్చుంటుందంటే, తడిసిన అరుగు మీద అరిటాకు లాగా. ఆ రెంటి మధ్య ఘర్షణ కోణం (ఏ వాలు దాటితే జారుతుందో చెప్పేది) 8 నుంచి 12 డిగ్రీలు. పై చెత్తకి మాత్రం సుమారు 33 డిగ్రీలు వస్తుంది, ప్లాస్టిక్కు, గుడ్డపీలికలు, కొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల లైనర్ లేని పాత గుట్టలు పైమట్టి పగుళ్ళతో బయటపడ్డాయి. మన దగ్గర చెత్త బలం మీద నెలల తరబడి వాదించుకుంటారు, లైనర్ పొరల ఘర్షణను మాత్రం పుస్తకంలోంచి ఎత్తి రాస్తారు. తలకిందుల వ్యవహారం.

కాలిఫోర్నియాలోనే కెటిల్‌మన్ హిల్స్‌లో 1988 మార్చి 19న 27 మీటర్ల దాకా నింపిన ప్రమాదకర వ్యర్థాల గుట్ట ఉన్నపళాన సుమారు 11 మీటర్లు పక్కకి జరిగింది. వాన లేదు, భూకంపం లేదు. లోపల పొరల మధ్య తడి, నునుపు, అంతే.

కాబట్టి పరీక్ష చేయించే తీరు ఇది. సైటుకి వచ్చిన రోల్ లోంచే ముక్క కొయ్యండి, కంపెనీ పంపిన నమూనా వద్దు. కింద పరిచే మట్టినే, అదే తేమలో దట్టించి వాడండి. పెద్ద షియర్ పెట్టె కావాలి, 30 సెంటీమీటర్లది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి5321 ఆ పద్ధతే చెబుతుంది. పై బరువు మీ గుట్టదే వెయ్యండి. 30 మీటర్ల గుట్టకి 330 కిలోపాస్కల్ దాకా వెళ్ళాలి. 50 కిలోపాస్కల్ దగ్గర చేసిన పరీక్షను గీత గీసి పొడిగిస్తే లేని బలం కనిపిస్తుంది. బలం గరిష్ఠానికి చేరి దాటాక పెట్టెను ఆపెయ్యకుండా 50, 75 మిల్లీమీటర్లు జరగనివ్వండి. గరుకు జియోమెంబ్రేన్‌కి మొదట 20, 25 డిగ్రీలు రావచ్చు, జరిగాక బాగా పడిపోతుంది. కుదుపు లెక్కకి నేను ఆ పడిపోయిన విలువే వాడతాను. భూకంపంలో పొరలు జరుగుతాయని మనమే ఒప్పుకుంటున్నప్పుడు జరగని నాటి బలం వాడటంలో అర్థం లేదు.

బంకమట్టి బదులు బెంటొనైట్ పరుపు (రెండు గుడ్డల మధ్య బెంటొనైట్ మట్టి పెట్టింది) వేస్తామని అంటే, కుట్టు ఉన్న రకమే తీసుకోండి. కుట్టు లేని బెంటొనైట్ నీళ్ళు తాగితే మిగిలే ఘర్షణ కోణం చాలా తక్కువ.

నీళ్ళు

చెన్నైలో ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల దాకా వాన, అందులో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. 2015 డిసెంబరు, 2023 మిచాంగ్ తుపాను చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలో కొంత గుట్టలోకి దిగుతుంది. మధ్యమధ్య పరిచిన మట్టి పొరల మీద చెరువుల్లా నిలుస్తుంది. భూకంపం మే నెలలోనే వస్తుందని ఎవరూ రాసివ్వరు కాబట్టి లెక్క నవంబరు నీటిమట్టంతో కట్టాలి.

ఎంత తేడా వస్తుందో చూడండి. గుట్ట మూతనే తీసుకుందాం. ఆ 2016 నిబంధనల ప్రకారం 60 సెంటీమీటర్ల బంకమట్టి, 15 సెంటీమీటర్ల డ్రైనేజీ పొర, 45 సెంటీమీటర్ల మొక్కల మట్టి. చాలాచోట్ల మధ్యలో గరుకు జియోమెంబ్రేన్ కూడా పరుస్తారు. దాని ఘర్షణ కోణం 22 డిగ్రీలు అనుకుందాం. మూడడుగులకి ఒక అడుగు లేచే వాలు మీద, పొడిగా ఉన్నప్పుడు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1.21. నాలుగుకి ఒకటి వాలు మీద 1.62. ఇప్పుడు డ్రైనేజీ పొర పూడుకుపోయి పైమట్టి నిండా నీళ్ళు వాలు వెంట పారుతున్నాయనుకోండి. అవే అంకెలు 0.55కి, 0.74కి పడిపోతాయి. రెండు వాలులూ జారిపోయాయి, భూమి ఇంకా కదలనే లేదు.

అందుకని డ్రైనేజీ పొర కింద గొట్టం నోరు ఎక్కడ బయటికి వస్తుందో డ్రాయింగులో చూపించండి. ఆ నోటికి అడ్డంగా రోడ్డు వేసేవాళ్ళని, గడ్డి పెరగనిచ్చేవాళ్ళని చూశాను. అడుగు లైనర్ మీద లీచేట్ 30 సెంటీమీటర్లు దాటకూడదన్నది అమెరికా నిబంధన. మనకీ అదే మంచి హద్దు. గుట్టలో వేర్వేరు లోతుల్లో పీజోమీటర్లు (లోపలి నీటి ఒత్తిడి చూపేవి) పెట్టండి. ఒక్క లోతులో పెడితే పైన నిలిచిన చెరువు కనబడదు. వానాకాలంలో వారం వారం చదవండి. ఇండొనేషియాలో లెయువిగజా గుట్ట 2005 ఫిబ్రవరి 21న కూలింది మూడు రోజుల వాన తర్వాత, 140 మందికి పైగా చనిపోయారు. ఫిలిప్పీన్స్‌లో పయతాస్ 2000 జులై 10న, అదీ వానల్లోనే, 200 మందికి పైగా.

ఇప్పుడు కుదుపు

మూడో జోన్‌కి 2016 నాటి కోడు ఇచ్చే అంకె 0.16 జీ (జీ అంటే గురుత్వ త్వరణం). భవనాలకి దాన్ని సగం చేసి 0.08 వాడతారు. ఇక వాలుల లెక్కలో ఇంకో సగం ఉంది: అత్యధిక త్వరణంలో సగాన్ని స్థిరమైన పక్కతోపుగా వేసి, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1 దాటితే కొద్దిపాటి జరుగుడుతో సరిపోతుందని డ్యాముల అనుభవంతో వచ్చిన వాడుక. మా కుర్రాళ్ళు రెండు సగాలూ చేసేస్తారు. 0.16 కాస్తా 0.04 అవుతుంది, గుట్ట బ్రహ్మాండంగా నిలబడుతుంది, రిపోర్టు వెళ్ళిపోతుంది. ఒక్క సగమే చెయ్యండి. లైనర్ చిరిగితే తవ్వి బాగుచెయ్యడం జరగని పని, కాబట్టి మొదటి సగం నేను ఒప్పుకోను.

పైగా 0.16 అనేది మెత్తటి మట్టి పెంచే కుదుపును లెక్కలోకి తీసుకోదు. కోడు వక్రరేఖ (ఏ ఊపు కాలానికి ఎంత కుదుపో చూపేది) మట్టిని బట్టి ఆకారం మారుస్తుంది గానీ మొదటి బిందువు దగ్గర అన్ని మట్టులకీ ఒకటే. 1985లో మెక్సికో సిటీకి భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల పైన ఉంది. బండ మీద 0.03, 0.04 జీ నమోదైతే పాత సరస్సు బంకమట్టి మీద 0.17 జీ నమోదైంది. చిత్తడి అంచున ఉన్న సైటుకి విడిగా సైట్ రెస్పాన్స్ విశ్లేషణ (అక్కడి నేల కుదుపును ఎంత పెంచుతుందో చూసే లెక్క) చేయించాలి, కింది మట్టినీ పై చెత్తనీ ఒకే నిలువులో కలిపి. అందుకు షియర్ తరంగ వేగం కావాలి. మాస్వ్ సర్వే (నేల పైనుంచే తరంగాలు పుట్టించి కొలిచేది) ఒక రోజులో ఇస్తుంది, బోరు కూడా అక్కర్లేదు. 30 మీటర్ల గుట్టలో వేగం సెకనుకు 200 మీటర్లయితే దాని సహజ ఊపు కాలం నాలుగు ఇంటూ 30 బై 200, అంటే 0.6 సెకను. కింది 12 మీటర్ల బంకమట్టికి 120 మీటర్ల వేగంతో 0.4 సెకను. ఈ రెండు ఊపులు దగ్గరపడితే జాగ్రత్త పడాలి. గుట్ట ఎత్తు పెంచుకుంటూ పోతే కాలం మారుతుంది, అందుకని చివరి ఎత్తుకే కాకుండా మధ్య ఎత్తులకీ చూడండి.

విశ్లేషణలో 0.24 జీ వచ్చిందనుకుందాం. ఒక్కసారి సగం చేస్తే 0.12. ఇందాకటి మూత మీదే, పొడిగా: ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ మూడుకి ఒకటి వాలుకి 0.86, నాలుగుకి ఒకటి వాలుకి 1.06. జారుడు మొదలయ్యే త్వరణం చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అది ఘర్షణ కోణం లోంచి వాలు కోణం తీసేసి టాన్ కడితే వచ్చే అంకె. మొదటిదానికి 0.06 జీ, రెండోదానికి 0.14 జీ. వాలును ఒక మెట్టు పడుకోబెడితే ఓర్పు రెట్టింపు దాటింది. ఆ మేరకు చెత్త పట్టే చోటు తగ్గుతుందని కార్పొరేషన్ వాళ్ళు అంటారు, నిజమే.

ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1 దాటని చోట న్యూమార్క్ పద్ధతికి వెళ్ళండి. త్వరణం ఆ జారుడు హద్దు దాటిన ప్రతి క్షణంలో గుట్ట ఎంత జరిగిందో కూడుకుంటూ పోవడమే. అడుగు లైనర్ దగ్గర 150 నుంచి 300 మిల్లీమీటర్లు అన్నది రంగంలో ఒప్పుకునే హద్దు. మూత దగ్గర ఇంకాస్త ఎక్కువైనా ఫరవాలేదు, కంటికి కనిపిస్తుంది, మట్టి తెచ్చి పూడ్చుకోవచ్చు.

డ్రాయింగులో మర్చిపోయేవి

నార్త్‌రిడ్జ్‌లోనే చికీటా కాన్యన్ ల్యాండ్‌ఫిల్‌లో జియోమెంబ్రేన్ రెండు చోట్ల చిరిగింది, ఒకచోట సుమారు 23 మీటర్ల పొడుగున. చిరిగింది వాలు పైభాగంలో, షీటును మట్టిలో పాతి బిగించిన యాంకర్ ట్రెంచి దగ్గర. యాంకర్‌ను ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదనుకుంటారు. నిజానికి లాగుడు ఎక్కువైనప్పుడు షీటు చిరగకుండా ట్రెంచి లోంచి జారి రావాలి, అందుకు తగ్గ లోతే ఇవ్వండి. అతుకు బలం పరీక్షకి ముక్క కోసి మాసిక వేసేది కూడా వాలు పైన వద్దు, లాగుడు తక్కువున్న చోట కొయ్యమనండి.

గ్యాస్ గొట్టాలు, లీచేట్ గొట్టాలు గుట్ట దాటి గట్టి నేలలోకి వచ్చే చోట బిగుతు జాయింటు పెట్టకండి, కొంచెం వదులు వంపు ఉండనివ్వండి. భూకంపం తర్వాత కరెంటు పోతుంది కాబట్టి లీచేట్ పంపుకి జనరేటరు విడిగా ఉండాలి.

గుట్ట పాదం దగ్గర కూలీల షెడ్లు, వేబ్రిడ్జి, క్యాంటీన్ పెట్టడానికి ఎవరు అడిగినా ఒప్పుకోకండి. పైన చెప్పిన గుట్టల్లో ప్రాణాలు పోయిన చోట చనిపోయింది ఎక్కువగా పాదం దగ్గర ఉన్న మనుషులే. 2014 జూన్ 28న మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయినప్పుడు వాళ్ళలో విజయనగరం, శ్రీకాకుళం కూలీలు ఎంతమందో ఇక్కడి తెలుగు వాళ్ళకి గుర్తే. పనిచేసే చోటే పడుకునే మనుషులు వీళ్ళు. కనీసం గుట్ట ఎత్తుకి రెట్టింపు దూరం వదలమని నేను రాస్తాను. అది ఏ కోడులోనూ లేదు, నా పట్టుదల. నిజంగా ప్రవహించే గుట్ట ఆ దూరం కూడా దాటగలదు.

పాత గుట్టను బయోమైనింగ్‌తో (పాత చెత్తను తవ్వి, జల్లించి వేరుచేసే పద్ధతి) తవ్వి తీసేస్తున్న చోట ఎక్స్‌కవేటరు నిలువు గోడ కోస్తుంది, చెత్త కొన్నాళ్ళు అలా నిలబడుతుంది కూడా. దాన్ని నమ్మకండి. నాలుగైదు మీటర్లకొక మెట్టు, పైనుంచి కిందికి తవ్వడం, తవ్విన ముఖం లోంచి నల్లనీళ్ళు ఊరుతుంటే ఆ రోజుకి అక్కడ పని ఆపడం. ఈ మూడూ కాంట్రాక్టులోనే రాయించండి, నోటిమాటగా వద్దు.

కంపించిన రోజు

ఊళ్ళో కుదుపు తెలిసిందంటే, నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ తీవ్రత ప్రకటించే దాకా ఆగకుండా, పైన ఉన్న లారీలను దించి పని ఆపించండి. తర్వాత ఇద్దరు మనుషులు, ఒకరు పైన, ఒకరు పాదం వెంట. పైన చూడాల్సింది అంచుకి సమాంతరంగా పగుళ్ళు, చెత్త గట్టి నేలను కలిసే గీత వెంబడి పగుళ్ళు, యాంకర్ ట్రెంచి మట్టి లేచిందా లేదా. కింద చూడాల్సింది పాదం ఉబ్బిందా, కాలవ వంకరపోయిందా, కొత్తచోట నీరు ఊరుతోందా. పగుళ్ళకి రెండు పక్కలా మేకులు కొట్టి దూరం కొలిచి రాసుకోండి, మర్నాడు మళ్ళీ కొలవండి. దూరం పెరుగుతుంటే గుట్ట ఇంకా నడుస్తోందని అర్థం, పాదం దగ్గర ఉన్నవాళ్ళని అప్పుడే ఖాళీ చేయించండి. పీజోమీటర్లు అదే రోజు, ఆ తర్వాత వారం పాటు రోజూ చదవండి. గ్యాస్ గొట్టాల జాయింట్ల దగ్గర మీటరు పట్టుకుని తిరగండి. పగుళ్ళని మట్టితో పూడ్చేది ఫోటోలు, కొలతలు అయ్యాకే, కానీ ఆ రాత్రి వాన వచ్చేలా ఉంటే టార్పాలిన్ వెంటనే కప్పండి. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూసే మనిషి పేరు గేటు దగ్గర బోర్డు మీద ముందే రాసి ఉండాలి.